నిజంగా అన్న మాటలు

కుట్టు దుకాణం, వెనక గది
సోమవారం మధ్యాహ్నం

చుక్కమ్మకి,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. అవ్వాల్సిందంతా ఐదు నెలల కిందే అయిపోయింది. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నీ నంబరు నొక్కగానే నాకు ఏడుపొచ్చేస్తోంది. అవతల నువ్వు “హలో, హలో” అంటావు, ఇవతల నేను ముక్కు చీదుకుంటాను. ఆ ముచ్చట ఒకసారి అయింది, చాలు.

అసలు సంగతి చెప్తాను, నవ్వకు. నేను నవల రాస్తున్నాను. నవ్వొద్దన్నానా! ప్యాంట్లు పొట్టి చేసుకుని బతికే దానికి నవలేమిటని నాకూ అనిపించింది. కాని మీ అన్నయ్య పోయాక మిషను ఆపితే చాలు, ఆయన మాటలే చెవిలో పడుతున్నాయి. ఏడుస్తూ కూర్చుంటే దుకాణం నడవదు. రాసిపెడితే కాస్త సద్దుమణుగుతాయేమో అని మొదలుపెట్టాను. ఒక లిఫ్టు మెకానిక్కు, బట్టలు కుట్టే అతని భార్య, వాళ్ళ సంసారం. భార్యే చెబుతున్నట్టు రాస్తున్నాను.

చిక్కల్లా వాళ్ళిద్దరూ మాట్లాడుకునే దగ్గరే వస్తోంది. రాసింది నాలుగు రోజులాగి చదివితే ఎవరేమన్నారో నాకే అర్థం కావడం లేదు. ఇదిగో చూడు: తాళం ఎక్కడ పెట్టావ్ నీ దగ్గరే ఉంది నా దగ్గర లేదు వెతుకు. ఇందులో తాళం పోగొట్టిన మహానుభావులెవరో చెప్పావంటే నీకు కూలి తీసుకోకుండా ఒక చొక్కా కుట్టిపెడతాను.

పొద్దస్తమానం ఆ ప్రెస్సులో ఊళ్ళోవాళ్ళ పుస్తకాలన్నీ దిద్దుతావు కదా, ఇదీ దిద్దిపెట్టు. మొదటి అధ్యాయం పంపుతున్నాను. నీ ఎర్ర కలం ఈ ఇంట్లో ఏం చేసిందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా పంపుతున్నాను.

వదిన


ప్రూఫుల గది, ప్రెస్సు మేడ మీద
శుక్రవారం

వదినకి,

అధ్యాయం అందింది. చదివాను.

ఒకరి మాట అయిపోయి ఇంకొకరి మాట మొదలైతే కొత్త లైను తీసుకో. కాగితం ఆదా చెయ్యకు. మాటకి ముందొక కొటేషన్ గుర్తు, వెనకొకటి పెట్టు. కామా గానీ, చుక్క గానీ, ప్రశ్న గుర్తు గానీ మాటతోపాటే లోపల ఉండాలి. ఇద్దరే ఉన్నచోట ప్రతి మాటకీ “అన్నాడు”, “అంది” తగిలించక్కర్లేదు, ఎవరిదో చదివేవాళ్ళకి తెలుస్తుంది. అవసరమైన చోట కూడా “అన్నాడు” చాలు. నువ్వు “గర్జించాడు”, “వాపోయాడు”, “నిట్టూరుస్తూ పలికాడు” అని రాశావు. అన్నయ్య పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా గర్జించాడా? “అన్నాడు” అనేది కంటికి ఆనదు. అందుకే అది మంచిది.

ఇప్పుడు నీ తాళం సంగతి చూడు.

“తాళం ఎక్కడ పెట్టావ్?”

“నీ దగ్గరే ఉంది.”

“నా దగ్గర లేదు.”

“వెతుకు.”

అడిగింది నువ్వు. పోగొట్టింది అన్నయ్య. “వెతుకు” అని ఒక్క ముక్క పడేసి చేతులు దులుపుకోవడం అన్నయ్యకే చెల్లు. చొక్కా కుట్టక్కర్లేదు.

నాలుగో పేజీలో అన్నయ్య చేత “జీవితం కూడా ఒక లిఫ్టే” అనిపించావు. నిజంగా అన్నాడా?

ఇంకొక సంగతి. పని విషయం కాదు. పదకొండేళ్ళు అన్నయ్య నాతో మాట్లాడలేదు. ఆసుపత్రిలో ఉన్నాడని నాకు తెలిసి నేను బయలుదేరి వచ్చేసరికి అంతా అయిపోయింది. జబ్బేమిటో కూడా సరిగ్గా అడగలేదు నేను. తలలో ఏదో నరం అన్నారు, అంతే. ఆ మూడు వారాలూ నువ్వు మంచం పక్కనే ఉన్నావు. నా గురించి ఏమైనా అన్నాడా? తిట్టినా సరే, చెప్పు.

ఆడపడుచు


కుట్టు దుకాణం
ఆదివారం, షట్టరు సగం దించి

చుక్కమ్మకి,

అమ్మో, నీ ఉత్తరం చదువుతుంటే మళ్ళీ బళ్ళో కూర్చున్నట్టుంది. అయినా నువ్వు చెప్పినట్టు తాళం ముక్కని నాలుగు లైన్లుగా విడదీసి రాసుకున్నాను. చదవగానే ఆయన గుమ్మంలో నిలబడి జేబులు తడుముకుంటున్నట్టే అనిపించింది. లైను మార్చినందుకే ఇంత తేడా వస్తుందా! అప్పటిదాకా ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటున్నవాళ్ళు, ఎదురెదురుగా నిలబడ్డారు.

“జీవితం కూడా ఒక లిఫ్టే” అని ఆయన అనలేదు. అనుంటే బాగుండేదని రాశాను. నీకు ఇట్టే దొరికిపోయాను.

దాని గురించే ఆలోచించాను. నవలలో అన్నీ నిజాలే ఉండక్కర్లేదని నాకూ తెలుసు. కాని ఆయన నోట్లో నా మాటలు కుక్కుకుంటూ పోతే, రేప్పొద్దున ఏది ఆయనదో ఏది నాదో నాకే తెలియకుండా పోతుందేమో. చొక్కాకి అతుకు కూడా గుడ్డలో కలిసిపోయేలా వేస్తాను నేను. తర్వాత నేనే వెతుక్కోలేను. అందుకని మనిద్దరం ఒక ఒప్పందం చేసుకుందాం. ఆయన నిజంగా నోటితో అన్న మాటకే కొటేషన్లు. నేను కల్పించింది కొటేషన్లు లేకుండా, ఏదో సర్దిచెప్పాడు, వద్దన్నాడు, అన్నట్టు ఊరికే రాస్తాను. చదివేవాళ్ళకి తెలియకపోయినా మనకి తెలుస్తుంది. సరేనా?

రెండు, మూడు అధ్యాయాలు పంపుతున్నాను. లిఫ్టులో ఇరుక్కున్నావిడ ముక్క జాగ్రత్తగా చూడు. తలుపు ఇవతల నిలబడి, పని చేస్తూ, “అమ్మా, మాట్లాడుతూ ఉండండి. ఏదైనా సరే. ఇవాళ ఇంట్లో దేని మీద గొడవైందో చెప్పండి” అనేవాడు కదా. ఆ భయంలో వాళ్ళు అన్నీ చెప్పేసేవాళ్ళు. ఏ మేడలో ఎవరింట్లో ఎవరికి ఎవరితో పడదో ఆయనకి తెలిసినంత వాచ్‌మన్‌కి కూడా తెలియదు.

నువ్వడిగిన రెండో సంగతి తర్వాత రాస్తాను.

వదిన


ప్రూఫుల గది
బుధవారం

వదినా,

ఒప్పందం నాకు నచ్చింది. నేనూ అలాగే దిద్దుతున్నాను.

లిఫ్టు ముక్క చదువుతూ గట్టిగా నవ్వాను. పక్క టేబుల్ మీద నిఘంటువు దిద్దే పెద్దాయన కళ్ళజోడు ఎత్తి చూశాడు. ఈ గదిలో నేను నవ్వడం ఆయన ఎరగడు. తలుపు వెనక ఉన్నావిడ ఏడుస్తూ మాట్లాడే చోట నువ్వు చుక్కలు మరీ ఎక్కువ పెట్టావు. మాట ఆగిన చోట మూడు చాలు, పదిహేను పెడితే ముగ్గు వేసినట్టుంటుంది. అన్నయ్య మాట మధ్యలో స్క్రూ తిప్పడానికి ఆగినప్పుడు, ఆ పనిని మాట మధ్యలోనే రాశాను. “అమ్మా,” అని స్క్రూడ్రైవరు నోట్లోంచి తీసి, “మాట్లాడుతూ ఉండండి,” అన్నాడు. ఇలా ఉంటే మనిషి చేతులూ కనిపిస్తాయి.

మూడో అధ్యాయంలో ఒకచోట అన్నయ్య “సర్లే, చూద్దాం” అన్నాడని కొటేషన్లలో రాశావు. అన్నయ్య అలా అనడు. “చూద్దాంలే, సరే” అంటాడు. చిన్నప్పటి నుంచీ విన్నాను. దిద్దేశాను. ఇలాంటివే ఇంకొన్ని దిద్దాను.

నా సంగతి ఇంకా రాయలేదు నువ్వు.

ఆడపడుచు


కుట్టు దుకాణం
ఉత్తరం అందగానే

నీకు,

ఎవరు నిన్ను దిద్దమన్నారు? కామాలు దిద్దమన్నాను, చుక్కలు దిద్దమన్నాను. మీ అన్నయ్యని దిద్దమనలేదు. నువ్వు విన్నది నిక్కరేసుకున్న మీ అన్నయ్యని. పాతికేళ్ళు ఆయన పక్కన పడుకుని లేచిన దాన్ని నేను. నాతో “సర్లే, చూద్దాం” అనే అనేవాడు. నీతో ఇంకోలా అనేవాడేమో, నాకు తెలియదు. ఒక మనిషి అందరితో ఒకేలా మాట్లాడాలని మీ ప్రెస్సు రూలా?

ఎటూ నోరు తెరిచాను కాబట్టి పూర్తిగా చెప్తాను. పదకొండేళ్ళ కింద ఆయన తన కథల కట్ట నీకు పంపాడు. మూడేళ్ళు రాశాడు వాటిని. నాక్కూడా చూపించలేదు. అచ్చయ్యాక చదువుదువులే అనేవాడు. నువ్వు తిరిగి పంపిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. చేతులు కడుక్కుని, గ్రీజు మరకలు అంటకూడదని తుడుచుకుని మరీ కూర్చుని విప్పాడు. ప్రతి పేజీ నిండా ఎర్ర గుర్తులు. ఇక్కడ కొత్త పేరా, ఇక్కడ కొటేషన్ మూయలేదు, ఇక్కడ “అన్నాడు” అనవసరం. మొదటి నుంచి చివరి దాకా తిప్పాడు. చివరి కాగితం వెనక్కి కూడా తిప్పి చూశాడు. దేనికోసమో నాకు అప్పుడే తెలిసింది. బాగుందనో బాలేదనో ఒక్క మాట కోసం. లేదు. అన్నీ దిద్ది ఆ ఒక్క మాట రాయలేదు నువ్వు. తర్వాతి వారం పాత పేపర్లతోపాటు ఆ కట్ట కూడా తూకానికి వేసేశాడు. మళ్ళీ కలం ముట్టలేదు.

ఇప్పుడు ఆయన మాటలు కూడా దిద్దుతున్నావు. నా అధ్యాయాలు నాకు పంపెయ్యి.

వదిన


ప్రూఫుల గది

వదినా,

“సర్లే, చూద్దాం” అని మళ్ళీ నువ్వు రాసినట్టే పెట్టేశాను. మిగతా నాలుగు చోట్లా కూడా. అధ్యాయాలు వెనక్కి పంపమంటే పంపుతాను. వద్దనుకుంటే బాగుండును.

పేజీ మీద అభిప్రాయాలు రాయకూడదని మా దగ్గర కట్టడి. గుర్తులు పెట్టడం వరకే మా పని. చేతికి అలవాటైన పని అలాగే చేసేశాను, సొంత అన్నయ్య కాగితాలన్న సంగతి కూడా చూసుకోలేదు. బాగుందని ఫోన్‌లో చెబుదామనుకున్నాను. చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. అప్పుడు నాకూ పట్టుదల వచ్చింది. అంత కోపమెందుకు, పని చేసిపెట్టాను కదా అనుకున్నాను. ఏళ్ళు అలాగే దొర్లిపోయాయి.

నీకు చూపించలేదన్నావు కాబట్టి చెప్తున్నాను. అందులో ఒక కథలో మొగుడూ పెళ్ళాం రెండంతస్తుల మధ్య లిఫ్టులో ఇరుక్కుంటారు. వాళ్ళు చాలా కాలంగా మాట్లాడుకోవడం లేదు. బయట మెకానిక్కు మాట్లాడుతూ ఉండండి అంటాడు. ఇద్దరూ అతనితోనే మాట్లాడతారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. మొగుడు అతనికి పెళ్ళాం మీద చాడీలు చెప్తాడు, పెళ్ళాం తలుపుకి చెవి ఆనించి మొగుడి మీద చెప్తుంది. తలుపు తెరుచుకునేసరికి ఇద్దరికీ అన్నీ తెలిసిపోయి ఉంటాయి. దిగి, చెరో చేతిసంచీ పట్టుకుని ఇంటికెళ్తారు. అంతే కథ. అది మీ ఇద్దరి గురించే అనుకున్నాను. నాకు ఆ కథ ఇంకా లైను లైను గుర్తుంది. అన్నయ్య కథలన్నీ పూర్తిగా చదివింది లోకంలో నేనొక్కదాన్నే అని నీ ఉత్తరంతో తెలిసింది. అప్పటి నుంచి నాకు పని మీద ధ్యాస నిలవడం లేదు.

ఇంకొక్కసారి అడుగుతాను, మళ్ళీ అడగను. అన్నయ్య నా గురించి ఏదైనా అన్నాడా? ఒక్క మాటైనా సరే.

చుక్కమ్మ


కుట్టు దుకాణం, వెనక గది

చుక్కమ్మా,

లిఫ్టు కథ మా గురించే. మూడు నెలలు మాట్లాడుకోలేదు ఒకప్పుడు. కారణం చెబితే సిగ్గుచేటు, ఒక ఫ్యాను ఎక్కడ బిగించాలన్న దాని మీద. నీ ఉత్తరంలో ఆ కథ చదివి, మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. ప్యాంటు పట్టుకెళ్దామని వచ్చిన ఆయన గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయాడు. రేపొస్తాడులే.

నా కోపం పోయింది. అధ్యాయాలు నీ దగ్గరే ఉంచు.

ఇదిగో, ఆసుపత్రి అధ్యాయం పంపుతున్నాను. నువ్వడిగింది అందులో ఉంది. మూడో పేజీ చూడు.

వదిన


ప్రూఫుల గది
శనివారం

వదినా, బంగారు వదినా,

మూడో పేజీ చూశాను. ఎన్నిసార్లు చూశానో చెప్పను, నవ్వుతావు.

“చుక్కమ్మని పిలిపించు. దాని మీద నాకేం కోపం లేదు.”

కొటేషన్లు పెట్టావు. ముందొకటి, వెనకొకటి, చుక్క లోపలే. నేను చెప్పినట్టే పెట్టావు. మన ఒప్పందం గుర్తొచ్చి ఆ లైనుని వేలితో తడుముతూ కూర్చున్నాను. దిద్దడానికి అందులో ఏమీ లేదు. నా ఉద్యోగంలో మొదటిసారి ఒక పేజీ మీద ఒక్క గుర్తు కూడా పెట్టకుండా పక్కకి పెట్టాను.

ఇన్నాళ్ళూ ఎలా ఉన్నానో నీకు తెలియదు. దారిలో ఎవరైనా అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకుంటూ పోతుంటే అవతలి పేవ్‌మెంటు మీదకి మారిపోయేదాన్ని. ఇవాళ ఇంటికెళ్తూ అద్దాల షాపు ముందు ఆగి నా మొహం నేనే చూసుకున్నాను. అన్నయ్య ముక్కు నాది. మర్చిపోయాను ఆ సంగతి.

నవల మా ప్రెస్సు ఆయనకి చూపించాను, తిట్టవు కదా? రెండు రోజులు చదివి, వేద్దామన్నాడు. అచ్చులోకి వస్తోంది వదినా. అన్నయ్య మాటలు అచ్చులోకి వస్తున్నాయి.

చుక్కమ్మ


కుట్టు దుకాణం

చుక్కమ్మా,

అచ్చు వేస్తామన్నందుకు సంతోషం. నా పేరు చిన్నగా వెయ్యమను, దుకాణానికొచ్చేవాళ్ళు ఏడిపిస్తారు.

ఒక్క మాట. ఆ ఆసుపత్రి అధ్యాయం అచ్చులో లేకపోయినా ఫర్వాలేదేమో. మరీ సొంత సంగతి అయిపోయింది. నువ్వు చదివావు కదా, చాలు. కావాలంటే తీసెయ్యి.

వదిన


ప్రూఫుల గది
గురువారం

వదినకి,

ప్రూఫులు వచ్చాయి, పంపుతున్నాను. తప్పులుంటే గుర్తు పెట్టి తిప్పి పంపు.

నూట పన్నెండో పేజీలో మంచం దగ్గర సంభాషణ. అక్కడ అన్నయ్య మాటకి కొటేషన్లు ఉన్నాయి. ఉంచమంటావా?

ఆడపడుచు


కుట్టు దుకాణం

చుక్కమ్మా,

ఏమిటిది, మళ్ళీ మొదటి ఉత్తరంలా రాశావు? ఒంట్లో బాగుందా?

ఉంచు. ఆయన అన్న మాటే అది. సాయంత్రం పూట, కాసిని మంచినీళ్ళు అడిగాడు, తాగి, నా వైపు తిరిగి అన్నాడు. రెండుసార్లు అన్నాడు కూడా. నాకు బాగా గుర్తు.

వదిన


ప్రూఫుల గది
సోమవారం

వదినా,

పోయిన వారం మా ప్రెస్సులో లిఫ్టు చెడిపోయింది. కంపెనీ వాళ్ళు పంపిన మెకానిక్కు కింద పని చేస్తుంటే, అన్నయ్య గుర్తొచ్చి కాసేపు నిలబడ్డాను. మాటల్లో ఎక్కడివాళ్ళంటే మీ ఊరి పేరే చెప్పాడు. అన్నయ్య పేరు చెప్పాను. పానా కింద పెట్టేశాడు. పదహారేళ్ళు కలిసి పనిచేశాడట. ఆసుపత్రికి రోజూ వచ్చేవాణ్ణన్నాడు. కొంచెం బట్టతల, ఎడమచేతి వాటం. నీకు తెలిసే ఉంటుంది.

అతనన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

“ఏం చెప్పమంటారమ్మా. మాకందరికీ మాటలు నేర్పినాయన. మొదటి రోజే మాట పడిపోయింది. ఆఖరిదాకా ఒక్క అక్షరం రాలేదు. మంచినీళ్ళు కూడా గొట్టంలోంచే. చూస్తూ ఉండేవాడు, అంతే.”

అతనికి టీ తెప్పించి ఇచ్చి పైకొచ్చి కూర్చున్నాను. తర్వాత నీకు కొటేషన్ల సంగతి అడుగుతూ రాశాను. వద్దంటావని, తీసెయ్యమంటావని చూశాను. నువ్వు మంచినీళ్ళు కూడా తాగించావు.

ఎందుకు వదినా? ఒప్పందం నువ్వే పెట్టావు. నేను పెట్టమనలేదు.


కుట్టు దుకాణం, వెనక గది

చుక్కమ్మా,

అబద్ధమే. రెండుసార్లు ఆడాను, రెండోది ఇంకా సిగ్గులేకుండా ఆడాను.

మాట పోయింది. డాక్టరు రావచ్చన్నాడు. కొందరికి వారానికి వస్తుంది, కొందరికి నెల పడుతుంది అన్నాడు. ఆ ఆశే నన్ను ముంచింది. మాట వచ్చాక నిన్ను పిలుద్దామనుకున్నాను. నువ్వొచ్చి మంచం దగ్గర నిలబడితే ఆయన నోటితో ఒక్క మాట అంటాడు, ఈ పదకొండేళ్ళ పీడ అక్కడితో విరగడవుతుంది అనుకున్నాను. మాట లేని మనిషి ముందు నిన్ను నిలబెడితే, ఇంకా కోపంగానే ఉన్నాడనుకుని వెళ్ళిపోతావని భయం. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని చూస్తూ కూర్చున్నాను. మాట రాలేదు, ఆయనే వెళ్ళిపోయాడు. నువ్వు వచ్చి గుమ్మంలో నిలబడి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా చూస్తూ ఉండిపోయావే, ఆ రోజు నుంచి నీకు ఒక మాట బాకీ పడ్డాననిపించింది. నువ్వు మూడోసారి అడిగినప్పుడు, లేదని రాయడానికి కాగితం తీశాను. చెయ్యి రాలేదు. ఆయన బతికుంటే అదే అనేవాడని నాకు నేను చెప్పుకుని రాసేశాను.

జరిగింది ఒకటుంది. అది చెప్తాను. ఒక మధ్యాహ్నం ఆయన చెయ్యి పట్టుకుని అడిగాను, “చుక్కమ్మని పిలవనా?” అని. నా వైపే చూశాడు కాసేపు. కళ్ళు మూసుకున్నాడు. అవునో, కాదో, నిద్రొచ్చిందో నాకు తెలియలేదు. మళ్ళీ అడగడానికి భయమేసింది, కాదంటాడేమోనని. ఇది మాత్రం నిజం. నేను నిజంగా నోటితో అన్న మాట కాబట్టి నా మాటకి కొటేషన్లు పెట్టుకోవచ్చు.

నన్ను ఏమనాలనిపిస్తే అది అను. పడతాను. పుస్తకం ఆపించినా సరే.

వదిన


ప్రూఫుల గది
మంగళవారం

వదినా,

కోపం వచ్చింది. దాచను. వారం రోజులు నీకు జవాబు రాయకపోవడం అందుకే. మాట లేకపోతేనేం, మనిషి ఉన్నాడుగా. వచ్చి కాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని. కోపంగా చూస్తే చూసేవాడు. ఆ చూపు కూడా నాకు దక్కలేదు. నువ్వు ఆయన మాట కోసం చూశావు గానీ, నాకు ఆయన చాలు. ఇది నీతో ఒకసారి అనేసి ఊరుకుంటాను, మళ్ళీ ఎత్తను.

కాని నిన్ను అనడానికి నాకేం నోరుంది? ఆయన కూడా నా దగ్గర నుంచి ఒక మాట కోసమే పేజీలన్నీ తిప్పాడు. నువ్వు ఆశపడి ఆగావు, నేను పంతం పట్టి ఆగాను. ఇద్దరం కలిసి ఆయన్ని మధ్యలో వదిలేశాం.

పుస్తకం ఆపలేదు. నూట పన్నెండో పేజీ నేనే దిద్దాను. అన్నయ్య మాట కొట్టేశాను. కొట్టేస్తుంటే చాలా కష్టమైంది వదినా, నెల రోజులు ఆ ఒక్క లైను పట్టుకునే తిరిగాను. దాని స్థానంలో నువ్వు రాసిందే పెట్టాను. “చుక్కమ్మని పిలవనా?” అని భార్య అడుగుతుంది. అతను కళ్ళు మూసుకుంటాడు. ఎందుకో ఆమెకి తెలియదు. అంతకంటే ఒక్క ముక్క కలపలేదు.

ఆ తర్వాతి పేజీలో ఆడపడుచు గుమ్మంలో నిలబడి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని రాశావు. అది నిజమే. మాట్లాడలేదు. అక్కడ మాత్రం నిన్ను అడక్కుండా ఒక లైను చేర్చాను. ఆమె లోపలికి వచ్చి అన్నయ్య దగ్గర కూర్చుని ఒక మాట అంటుంది. అది రాశాక కొటేషన్లు పెట్టబోయి ఆగిపోయాను. నిజంగా నోటితో అన్న మాటకే కదా పెట్టాలి. నేను ఎప్పుడూ అనలేదు. రాయనూ లేదు, అననూ లేదు. ఎప్పుడు అన్నారన్నది మన ఒప్పందంలో లేదు, అన్నారా లేదా అన్నదే ఉంది.

అందుకని కలం మూసి, కుర్చీలోంచి లేచి నిలబడి అన్నాను.

“అన్నయ్యా, నీ కథలు చాలా బాగున్నాయి.”

గది చిన్నది, గట్టిగానే వినపడింది. నిఘంటువు దిద్దే పెద్దాయన తలెత్తి, “ఎవరితోనమ్మా?” అన్నాడు.

“మా అన్నయ్యతో,” అన్నాను.

అన్నయ్య పోయిన సంగతి ఆయనకి తెలుసు. తల వంచి మళ్ళీ తన పని చూసుకున్నాడు. నేను కూర్చుని ఆ మాటకి ముందొకటి, వెనకొకటి గుర్తులు పెట్టాను. కింద జవాబుకి లైను వదల్లేదు. పేజీ ఇందాకే అచ్చుకి పంపించాను.

చుక్కమ్మ